లుప్తసౌధములు – హైదరాబాదునగర ఛాయాచిత్రముల సాక్ష్యము

నగరచరిత్రమును దెలిసికొనుటకు మనకుఁ గల సాధనములు పెక్కు. శిలాశాసనములు, తామ్రశాసనములు, నాణెములు, కైఫీయతులు, విదేశయాత్రికుల వర్ణనములు, కావ్యముల యవతారికలు అన్నియు విద్వాంసులచేఁ జిరకాలమునుండి పరిశీలింపఁబడుచున్నవే. వీనికిఁ దోడుగాఁ బందొమ్మిదవ శతాబ్దియందు మఱియొక సాధనము పుట్టినది. అది ఛాయాచిత్రము. 1839వ సంవత్సరమునఁ బారిసునందు దగేరు కనిపెట్టిన పద్ధతి లోకమునకుఁ బ్రకటింపఁబడినది. కొలఁదికాలములోనే యీ విద్య హిందూదేశమునకు వచ్చి చేరినది. అయినను మన చరిత్రకారులు ఛాయాచిత్రమును గ్రంథమునకు అలంకారముగాఁ బుటల నడుమ నుంచుటయే కాని, ప్రమాణముగా గ్రహించి విచారించుట యరుదు. శాసనమునందొక యక్షరము సందిగ్ధమైనచోఁ బదిపుటల చర్చ చేయువారు ఛాయాచిత్రమునందలి గోడనైనను నీడనైనను నొక్కమాఱు నిదానించి చూడరు. ఈ వ్యాసమున హైదరాబాదునందుఁ బూర్వముండి యిప్పుడు లేని కొన్ని కట్టడములను వాని ఛాయాచిత్రముల యాధారమున విచారింపఁ దలఁచితిని. అందువలన నీ నూతనసాక్షిని ఎట్లు ప్రశ్నింపవలయునో, దాని పలుకును ఎంతవఱకు నమ్మవచ్చునో కూడఁ దేటపడఁగలదు.

లోపమనఁగా నేమి?

వ్యాకరణశాస్త్రమునందు లోపమను సంజ్ఞ కలదు. ప్రాప్తమైనది కనఁబడకపోవుటయే లోపమని పాణినిమహర్షి నిర్వచించెను. నాశమను మాట నాయన వాడలేదు. అంతేకాదు, ప్రత్యయము లోపించినను దాని నిమిత్తముగాఁ గలుగవలసిన కార్యము కలుగుచునే యుండునని కూడ నాయన విధించెను. అగ్నిచిత్ అను శబ్దమును జూడుఁడు. ధాతువునకుఁ బరమైన క్విప్ ప్రత్యయము సర్వము లోపించినది. దానిలో నొక్క వర్ణమైనను మిగులలేదు. అయినను దాని నిమిత్తమున వచ్చిన తకారము పదాంతమున నిలిచియున్నది. ఈ తకార మెక్కడిదని శిష్యుఁ డడిగినప్పుడు లోపించిన ప్రత్యయమును స్మరింపఁజేయక గురువునకు గత్యంతరము లేదు.

నగరమునందును ఇట్టి తకారములు గలవు. లకడీకాపూల్ అను పేరునకుఁ గొయ్యవంతెన యని యర్థము. నేఁడక్కడఁ గొయ్యవంతెన లేదు. ఆ పేరుగల రైలునిలయము కలదు, మెట్రోరైలు నిలయమును గలదు. బషీర్‌బాగ్ అనఁగా బషీరుని తోఁట. నేఁడది వాహనములు క్రిక్కిఱిసిన కూడలి. తోఁటయు లేదు, తోఁటలోని సౌధమును లేదు. లాల్‌దర్వాజా యనఁగా ఎఱ్ఱద్వారము. ఆషాఢమాసమున నక్కడి మహంకాళికి బోనము లెత్తు వేలకొలఁది జనులలో ఆ పేరు పలుకనివారు లేరు. పలుకునప్పుడు ద్వారమును దలఁచువారు కొందఱే. నయాపూల్ అనఁగాఁ గ్రొత్తవంతెన. ఆ పేరు పుట్టి నూఱేండ్లు దాఁటినది. 1578వ సంవత్సరమునాఁటి పురానాపూలుతోఁ బోల్చిచూచినప్పుడే దానికిఁ గ్రొత్తదనము.

ఇవి యన్నియు యోగార్థము మఱుఁగుపడి రూఢిగా నిలిచిన పదములు. జనులు పేరును వాడుకొనుచున్నారు, పేరునకు నిమిత్తమైన వస్తువు నెఱుఁగరు. అట్టి పదమునకు విగ్రహవాక్యము చెప్పఁగలది ఛాయాచిత్రము. బషీర్‌బాగునందలి సౌధము చిత్రమును జూచినవానికి ఆ పేరు మరల యౌగికమగును. లుప్తమైన కట్టడము నగరమునందింకను జేయుచున్న కార్యమును గుర్తించుటకు ఛాయాచిత్ర మొక్కటే సులభోపాయము. ఈ వ్యాసమున నేఁ బ్రతిపాదింపఁ బూనిన విషయమిదియే.

మాటలలో మిగిలిన నగరము

ఛాయాచిత్రము పుట్టకపూర్వము గూలిన కట్టడముల గతి యెట్టిదో ముందు చూడవలయును. మహమ్మదు కులీకుతుబుషా 1591వ సంవత్సరమున హైదరాబాదునగరమును నిర్మించెను. ఆ యేఁటిదే చార్మినారు. దాని కుత్తరముగా నాలుగు కమానులును, వాని నడుమ విశాలమైన చౌకమును, ఆ ప్రాంతముననే రాజగృహములును వెలసెను. దాద్‌మహలు, ఖుదాదాద్‌మహలు మొదలగు పేళ్లు చరిత్రగ్రంథములయందుఁ గలవు. పదునేడవ శతాబ్దియందు టావెర్నియే, థెవెనో యను ఫ్రెంచియాత్రికులు నగరమును జూచి వర్ణించిరి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన పిదప ఆ రాజగృహములు పాడుపడి క్రమముగా రూపుమాసెను. చార్మినారును, నాలుగు కమానులును నేఁటికిని నిలిచియున్నవి. సౌధములు మాత్రము మాటలయందే మిగిలినవి.

మాటలయందు మిగిలిన సౌధమునకొక లోపము కలదు. ఎత్తైన మేడ యని వ్రాసినచోఁ బల్లెటూరివాఁడు తన గ్రామకరణము మేడను దలఁచును, పట్టణవాసి తన వీథిలోని మేడను దలఁచును. ఒకే వాక్యమునుండి నూఱుమంది చదువరులు నూఱుమేడలు కట్టుకొందురు. వర్ణన మెంత చక్కనిదైనను కిటికీలెన్నియో, మెట్లే దిక్కున నున్నవో, గోడకు నునుపైన గచ్చుపూఁత యుండెనో రాతికట్టు బయటఁ గనఁబడుచుండెనో యది చెప్పదు. చెప్పవలయునని యాత్రికునకుఁ దోఁచినదే చెప్పును. ఛాయాచిత్రము తనకుఁ దోఁచినదానితోఁబాటు తోఁచనిదానినిఁ గూడఁ జెప్పును. మాటకును దీనికిని గల భేదమిదియే.

రాజా దీనదయాళుఁడు

హైదరాబాదునగరమునకుఁ గలిగిన భాగ్యములలో దీనదయాళుఁ డొకఁడు. ఈయన 1844లో మీరటు సమీపమునందలి సర్ధానా యను నూరఁ బుట్టెను. రూర్కీయందలి థామ్సను కళాశాలలో నిర్మాణశాస్త్రము నభ్యసించి, ఇండోరునందుఁ బ్రభుత్వపు కట్టడముల శాఖలో అంచనాలు కట్టు పనియు నక్షాలు గీయు పనియుఁ జేసెను. ఆ కాలముననే ఛాయాచిత్రవిద్యయందు అభిరుచి గలిగి దానిని నేర్చుకొనెను. 1880–90 దశకము నడుమ హైదరాబాదు వచ్చి, ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖానుని యాస్థానచిత్రకారుఁ డయ్యెను. నిజా మీయనకు రాజా యను బిరుదమును ముసవ్విర్‌జంగ్ అను బిరుదమును నొసఁగెను. సికిందరాబాదున నీయన చిత్రశాల నెలకొల్పెను. 1892లో నగరమునందు ఘోషాస్త్రీలకొఱకుఁ బ్రత్యేకముగా నొక చిత్రశాల నేర్పఱచి దాని నొక యాంగ్లేయవనిత చేతికప్పగించెను. 1905లో నీయన మృతినొందెను. ఈయన గాజుపలకలలో 2,857 పలకలు 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయకళాకేంద్రమునకుఁ జేరి యచట భద్రముగా నున్నవి.

దీనదయాళుఁడు నిర్మాణశాస్త్రము చదివినవాఁడను మాట మఱవరాదు. ఆయన కట్టడపు చిత్రములయందుఁ గంబములు నిటారుగా నిలుచును. గోడల యంచులు వాలవు. కట్టడము ముఖమును మాత్రమే కాక ప్రక్కభాగమునుఁ గూడఁ గనఁబడునట్లు మూలనుండి తీసిన చిత్రములు పెక్కు. నక్షా గీయుటకలవాటుపడిన కన్ను చిత్రమునందుఁ గూడ నక్షాకుఁ గావలసిన విషయమునే వెదకినది. అందువలననే యీ చిత్రములు సౌందర్యమునకేకాక కొలఁతలకును బనికివచ్చును.

సాక్షిని ప్రశ్నించు విధము

ఎంత మంచి సాక్షినైనను బ్రశ్నింపక నమ్మరాదు. ఛాయాచిత్రసాక్ష్యమునఁ గల దోషములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది కదలికను గ్రహింపలేమి. పూర్వకాలపు గాజుపలకపై రూపము పడుటకుఁ గొన్ని క్షణములు పట్టుచుండెను. ఆ క్షణములలోఁ గదలక నిలిచినది స్పష్టముగాఁ బడును. కదలినది మసకబాఱును, లేదా యసలే పడదు. కావున నట్టి చిత్రమునందు బజారు నిర్మానుష్యముగాఁ గనఁబడినచో బజారున జనులు లేరని నిశ్చయింపరాదు. గోడలు నిలిచినవి గనుక మిగిలినవి. మనుష్యులు నడిచినవారు గనుక మాసిపోయిరి. నేలమీఁదఁ బొగవలెఁ గనఁబడు చారలే యొక్కొక్కచోఁ బ్రయాణికులు.

రెండవది తాఱుమాఱు. గాజుపలకను ద్రిప్పి ముద్రించినచోఁ గుడి యెడమయగును. దీనిని గనిపెట్టుటకు అంగడి పలకలమీఁది యక్షరములే శరణ్యము. ఉర్దూ అక్షరములు తలక్రిందులు గాక ప్రక్కలు మాఱి కనఁబడినచోఁ జిత్రము త్రిప్పి ముద్రింపఁబడినదని తెలియును. అక్షరములు లేనిచో, నేఁటికిని నిలిచియున్న యేదేనొక గోపురమునో మీనారునో యాధారముగాఁ గొని దిక్కులు సరిచూడవలయును.

మూఁడవది కాలనిర్ణయము లేకపోవుట. పెక్కు చిత్రములకు సంవత్సరము వ్రాయఁబడియుండదు. ఇచట శాసనపరిశోధకుఁడు లిపినిఁబట్టి కాలము నూహించునట్లు చిత్రమునందలి వస్తువులనుబట్టి కాలము నూహింపవలయును. చార్మినారు నాలుగుముఖములయందు గడియారములు 1889వ సంవత్సరమున నమర్పఁబడెను. గడియారములు లేని చార్మినారు చిత్రము 1889కిఁ బూర్వమున నుండవలయును. మూసీతీరమున అఫ్జల్‌గంజు పూర్వవైద్యశాల నిలిచియున్న చిత్రము 1908వ సంవత్సరపు వఱదకు ముందటిది. ఉస్మానియా వైద్యశాల గుమ్మటములు గల చిత్రము ఆ వఱదకుఁ జాలకాలము తరువాతిది. ఇట్లు పూర్వావధిని బరావధిని నిర్ణయించి నడిమికాలమును సంకోచింపఁజేయుచుఁ బోవలయును. దినములోని వేళనుఁ గూడఁ జెప్పవచ్చును. చార్మినారు ముఖములు నాలుగుదిక్కులకుఁ దిరిగియున్నవి గనుక మీనారుల నీడ పడిన ప్రక్కనుబట్టి ప్రాతఃకాలమో సాయంకాలమో తేలును.

నాలుగవది పక్షపాతము. ఇది తక్కిన మూఁటికంటె బలవత్తరమైనది. దీనినిఁ గొంత విస్తరించి చెప్పవలయును.

ప్రశస్తియు నెల్లలును

శాసనములు చదువువా రందఱు నెఱిఁగినదే: దానశాసనమునందు మొదటిభాగము ప్రశస్తి. అందు రాజు సూర్యునితోఁ బోల్చఁబడును, శత్రువులు చీఁకటితోఁ బోల్చఁబడుదురు. తరువాతిభాగమున దానముచేసిన భూమి యెల్లలు చెప్పఁబడును. తూర్పున పుట్ట, దక్షిణమునఁ జింతచెట్టు, పడమట వాఁగు, ఉత్తరమున మఱియొక యూరి పొలిమేర. శాసనము వ్రాయించిన రాజున కిష్టమైనది ప్రశస్తి. నేఁటి చరిత్రకారునకు విలువైనవి యెల్లలు. పుట్టను జింతచెట్టును బొగడవలసిన పని శాసనకర్తకు లేదు గనుక నా భాగమున నబద్ధము తక్కువ.

రాజాస్థానచిత్రకారుఁడు తీసిన సౌధచిత్రము రాతిమీఁది ప్రశస్తివంటిదే. నవాబులు తమ మేడలను జిత్రింపించి, చక్కని పుస్తకములుగాఁ గుట్టించి, రాజప్రతినిధులకును విదేశాతిథులకును గానుక లిచ్చుచుండిరి. అట్టి చిత్రములు నేఁటికిని లండనునందలి బ్రిటిషు గ్రంథాలయమునఁ గలవు. వానిలో సౌధము నడుమ నుండును. వెలుఁగు దానిమీఁదఁ బడుచుండును. ముందు పచ్చికబయలు శుభ్రముగా నుండును. ఇది ప్రశస్తిభాగము. చిత్రము నంచులవైపు దృష్టి మరల్చుఁడు. ప్రహరిగోడ కావల నొక తాటియాకుల గుడిసె కప్పు, చెట్టునీడనొక యెద్దుబండి, భుజమున బరువుతో నడుచుచు మసకబాఱిన యొక కూలి, యిట్టివి యొక్కొక్కమాఱు కనఁబడును. చిత్రకారుఁడు వానిని దీయఁదలఁపలేదు, తొలఁగింపఁగలిగియుండినచోఁ దొలఁగించియుండును. ఇవియే చిత్రముయొక్క యెల్లలు. సౌధచరిత్రము నడుమనుండి, నగరచరిత్రము అంచులనుండి గ్రహింపవలయునని నా మతము.

నాలుగు దృష్టాంతములు

బషీర్‌బాగు సౌధము పైగా వంశీయుఁడును, 1887 మొదలుగాఁ గొన్నియేండ్లు నిజామునకుఁ బ్రధానమంత్రియు నగు సర్ ఆస్మాన్‌జాహ్ నిర్మించినది. ఈయనకు బషీరుద్దౌలా యను బిరుదమును గలదు; తోఁటకుఁ బేరు దానినుండి వచ్చినది. దీనదయాళుని చిత్రములయందు ఐరోపాఫక్కిని గట్టిన యీ సౌధమును, దాని లోపలి విశాలమైన శాలలును, వ్రేలాడు దీపవృక్షములును గనఁబడును. ఆ కాలమునఁ బ్రభువులకు ఐరోపా వస్తుజాలమునందుఁ గల మక్కువ యెట్టిదో చెప్పుటకుఁ బుటలకొలఁది వ్రాయ నక్కఱలేదు. ఆ శాల చిత్ర మొక్కటి చాలును. దేశము స్వతంత్రమైన పిదప సౌధము పడఁగొట్టఁబడినది. నేఁడా ప్రదేశమునఁ గల కార్యాలయములకును అంగళ్లకును బషీర్‌బాగను చిరునామా మాత్రము మిగిలినది.

రెండవది దివాన్‌దేవిడి. సాలార్‌జంగు వంశీయుల నివాసమిది. మొదటి సాలార్‌జంగు మీర్ తురాబ్ అలీఖాను 1853 మొదలు 1883లో మృతినొందువఱకు దివానుగా నుండి రాజ్యపరిపాలనమును సంస్కరించిన ప్రసిద్ధపురుషుఁడు. ఈ దేవిడియందు ఐనాఖానా యను అద్దములశాలయుఁ జీనీఖానా యను పింగాణిశాలయు నుండెను. చీనీఖానా చిత్రమును జూచినవారికి గోడలనిండఁ బొదిగిన పింగాణిపళ్లెరములును గిన్నెలును గన్నులఁ గట్టును. మూఁడవ సాలార్‌జంగు 1949లో సంతానము లేక మరణించెను. ఆయన సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16వ తేదిని జవహర్‌లాల్ నెహ్రూ యీ దేవిడియందే వస్తుప్రదర్శనశాలను బ్రారంభించెను. 1968లో నది యొడ్డునఁ గట్టిన నూతనభవనమునకు వస్తువులు తరలింపఁబడెను. వస్తువులు రక్షింపఁబడినవి, వాని కాశ్రయమైన యిల్లు రక్షింపఁబడలేదు. కొన్ని ద్వారములు దప్ప దేవిడి యంతయు రూపుమాసినది. ప్రదర్శనశాలయందుఁ బింగాణిపాత్ర నొకదానిని జూచువారికి అట్టి పాత్రలు పూర్వ మొక యింటిగోడలకు అలంకారమై యుండెనని చెప్పునది ఛాయాచిత్రమే.

మూఁడవది నగరప్రాకారము. మొగలాయి సుబేదారగు ముబారిజుఖాను దీని నారంభించెను. మొదటి ఆసఫ్‌జాహ్ పూర్తిచేసెను. పెక్కు ద్వారములలో నేఁడు మిగిలినవి రెండు: దబీర్‌పురా దర్వాజాయు, పురానాపూల్ దర్వాజాయు. అయిదవ నిజామగు అఫ్జలుద్దౌలా పేర వెలసిన అఫ్జల్ దర్వాజా చిత్రములయందే యున్నది. ఆ చిత్రములను జూచినప్పుడు నగరమనఁగా నొకప్పుడు లోపలయు వెలుపలయు నుండెడిదని తెలియును. రాత్రి తలుపులు మూసిన తరువాత వచ్చినవాఁడు వెలుపల నుండవలసినదే. నేఁటికిని వృద్ధులు నదికి దక్షిణమున నున్న భాగమును మాత్రమే నగరమందురు. గోడ పోయినది, గోడ నిమిత్తముగా వచ్చిన యీ వ్యవహారము పోలేదు. అగ్నిచిత్ అను పదమునందలి తకారమునకు నగరమున నింతకంటె మంచి యుదాహరణము దొరకదు.

నాలుగవది చార్మినారు సమీపమునందలి మాల్వాలా సౌధము. 1845లోఁ గట్టిన యీ భవనము దారుశిల్పమునకుఁ బ్రసిద్ధి కెక్కినది. దీని ప్రభువులు నిజాము రాజ్యమునందు లెక్కల దస్తరములను దరతరములుగాఁ గాపాడిన కాయస్థులు. 2000వ సంవత్సరమున నిది పడఁగొట్టఁబడి యంగళ్లసముదాయమునకుఁ జోటిచ్చినది. వ్రాసిన కాగితములను గాపాడుట వృత్తిగాఁ గలవారి యిల్లు చివరకుఁ గాగితముమీఁది చిత్రమై మిగిలినది.

వఱద చిత్రములు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదిని మూసీనది పొంగి నగరమును ముంచినది. వేలకొలఁది జనులు మృతినొందిరి. వేలకొలఁది యిండ్లు కూలెను. అఫ్జల్‌గంజు వైద్యశాల కొట్టుకొనిపోయినది. దాని యావరణములోని చింతచెట్టు నెక్కి నూటయేఁబదిమందికిఁ బైగా ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా వైద్యశాల యావరణమున నున్నది. వంతెనలలోఁ బురానాపూలు నిలిచినది. 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్య నగరమునకు వచ్చి రక్షణోపాయములను సూచించెను. ఆ సూచనల ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరును 1927లో హిమాయత్‌సాగరును నిర్మింపఁబడెను. 1912లో నగరాభివృద్ధిసంఘ మేర్పడి వీథులను వెడల్పుచేసినది. నది యొడ్డున ఉన్నతన్యాయస్థానము, సిటీకళాశాల, ఉస్మానియా వైద్యశాల మొదలగు మహాభవనములు వెలసెను.

ఈ వఱద తరువాతఁ దీసిన చిత్రములు కలవు. వానిని దీనదయాళుని సౌధచిత్రముల ప్రక్క నుంచి చూచినవారికి ఒక విషయము స్పష్టమగును. నవాబు మేడ నిలిచియున్న కాలమున దానిని జిత్రించినవారు గలరు. నది యొడ్డున మట్టిగోడల యింటిలో నివసించిన నేఁతగాని యిల్లుగాని, చాకలి యిల్లుగాని, రాళ్లుగొట్టు వడ్డెవాని యిల్లుగాని నిలిచియుండఁగాఁ జిత్రింపవలయునని యెవ్వరికిఁ దోఁచును? అట్టి యిండ్లు చిత్రముల నడుమకు వచ్చినది కూలిన తరువాతనే. పేదవాని యింటికిఁ దొలిచిత్రము దాని శిథిలమే యగుట శోచనీయము. మేడలకు గ్రానైటురాతిని గొట్టి తెచ్చినవారును, డంగు సున్నమును రుబ్బి గచ్చు దీర్చినవారును మన తెలుఁగు కూలిజనమే. వారి చేతిపని ప్రతిచిత్రమునందును గలదు. వారి ముఖము లరుదు. కావున లుప్తసౌధములఁ గూర్చి విచారించువారు చిత్రమునందున్నదానిని మాత్రమే నగరమనుకొనరాదు. వ్యాకరణమునందు లోపించినదానికైనను స్థానియను పేరు గలదు. ఇచట స్థానికిఁ బేరును లేదు.

నేఁటి కర్తవ్యము

కట్టడములు కూలుట పూర్వకాలమునకే చెందిన విషయము గాదు. ఆఱవ నిజాము 1888లో నిర్మించిన సైఫాబాదు సౌధము చిరకాలము ప్రభుత్వ సచివాలయమునకుఁ జేరియుండెను. 2020లో సచివాలయపు తక్కిన భవనములతోఁబాటు పడఁగొట్టఁబడినది. దాని స్థానమున నూతన సచివాలయము 2023 ఏప్రిలు 30వ తేదిని బ్రారంభింపఁబడెను. ఇట్లే యెఱ్ఱమంజిలు భవనమును దొలఁగింపవలయునను ప్రయత్నమును 2019లో ఉన్నతన్యాయస్థానము త్రోసిపుచ్చుటచే నది నిలిచినది. పడఁగొట్టుట యుచితమా యనుచితమా యను చర్చ యీ వ్యాసమునకుఁ బ్రకృతము గాదు. పడఁగొట్టకముందు ప్రతిగోడయు బ్రతిమెట్టును, ముఖభాగమేకాక వెనుకభాగమును, ప్రక్కనున్న తేనీటి యంగడితో సహా చిత్రింపఁబడవలయును. ఆ చిత్రములకుఁ బేరును దేదియు వ్రాయఁబడవలయును. ఇంతమాత్రము చర్చకు లోఁబడనిది.

నేఁడు చిత్రములకుఁ గొదువ లేదు. ప్రతివాని చేతిలోని ఫోనును జిత్రయంత్రమే. కొదువ యెల్ల వ్రాఁతకే. పూర్వచిత్రములు నగరవాసుల నడుమ వేగముగా వ్యాపించుచున్నవి. వానితోఁబాటు తప్పుపేళ్లును వ్యాపించుచున్నవి. పురానాపూలు చిత్రమునకు నయాపూలని పేరు పెట్టుటయు, నొక నవాబు దేవిడిని మఱియొకనిదనుటయుఁ దఱుచు. అశుద్ధపాఠ మొకటి ప్రతులనుండి ప్రతులకెక్కి శుద్ధపాఠమును మఱపించునట్లు తప్పుపేరు నిజమైన పేరును మఱపించును. ప్రతులను సంస్కరించు విద్వాంసులే చిత్రములను సంస్కరించుటకుఁ గూడ నర్హులు. కమానుల లెక్క, మీనారుల దిక్కు, గడియారముల యునికి, నీడల వాలు, వీనిని జూచి పేరును స్థిరపఱచుట పాఠనిర్ణయమునకు భిన్నమైన పని గాదు.

దీనికై సాహిత్యపరిషత్తులు చేయఁదగిన పనులు మూఁడు. ఒకటి: పూర్వకుటుంబముల యిండ్లలోఁ బెట్టెల యడుగునఁ బడియున్న చిత్రములను జూచి, వానికిఁ బ్రతిచ్ఛాయలను దీసికొని, మూలమును యజమానునికే మరల నిచ్చివేయుట. చిత్రమును దీసికొనిపోయెదరను భయము లేనిచో నెవ్వరును జూపుటకు వెనుదీయరు. రెండు: ప్రతిచిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో స్థలము, దిక్కు, తెలిసినచో సంవత్సరము, చెప్పినవారి పేరు వ్రాయుట. సిరా కాగితమును దాఁటి చిత్రమునకుఁ దగులును గనుక సిరా పనికిరాదు. మూఁడు: వృద్ధులకుఁ జిత్రమును జూపి వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసికొనుట. దేవిడిని గన్నులారఁ జూచినవారు, ప్రాకారద్వారముక్రిందఁ జిన్నతనమున నడచినవారు నానాఁటికిఁ దగ్గిపోవుచున్నారు. చిత్రము గాజుపలకమీఁద నూఱేండ్లు నిలిచినది. దానికిఁ బేరు చెప్పఁగల జిహ్వ యంతకాలము నిలువదు.

పేరులేని చిత్రము అర్థమెఱుఁగని శబ్దము వంటిది. అర్థమెఱిఁగి ప్రయోగించిన శబ్దమే ఫలమిచ్చునని వైయాకరణుల సిద్ధాంతము. కొయ్యవంతెన, బషీరుని తోఁట, ఎఱ్ఱద్వారము అను శబ్దములను నగరవాసులు దినదినమును బ్రయోగించుచునే యున్నారు. ఆ శబ్దముల యర్థమును వారి కందించుటకు వలసిన సామగ్రి గాజుపలకలమీఁదను, బెట్టెల యడుగునను, వృద్ధుల స్మృతియందును జెదరియున్నది. దీనిని బ్రోదిచేయుటకుఁ బరిషత్సభ్యులును, చదువరులగు విద్వాంసులును వెంటనే పూనుకొందురు గాక.